వాలుగీత

రెండువేల మూడువందల పదహారు వరసలు.
చర్చి రిజిస్టరు మొత్తం టైపు చేయడానికి
మూడు చలికాలాలు పట్టింది నాకు.
పక్కన టీ, కప్పు అడుగున కరగని కలకండ,
కిటికీ అవతల పోటుకి మునిగి ఆటుకి తేలే బురద మైదానం.

మా ఫ్యోర్ దీవి పాత గుమాస్తాలు
మాటలు ఖర్చుపెట్టే రకం కాదు.
పుట్టారనడానికి ఒక నక్షత్రం.
పోయారనడానికి ఒక శిలువ.
సరిగ్గా తెలియదనడానికి కొక్కెంలాంటి ప్రశ్న.
పొట్టి చేసిన ప్రతి మాట చివరా ఒక చుక్క.
పెళ్ళికాని తల్లికి పుట్టిన పిల్లల పేర్లు మాత్రం
రెండు బ్రాకెట్ల మధ్య,
వసారాలో నిలబెట్టి మాట్లాడినట్టు.

పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది:
చుక్కలు తీసేయండి, గుర్తుల బదులు మాటలు రాయండి.
పాదిరి ఓకె అద్దాలు తుడుచుకుంటూ అన్నాడు,
"వెతుకు, మార్చు. అరగంట పని కదా, కైకె."

మొదట చుక్క.
వెతకాల్సింది: చుక్క. దాని బదులు: ఏమీ వద్దు.
"అన్నీ మార్చు" నొక్కాను.

లక్షా ముప్ఫై తొమ్మిది వేల మార్పులు చేశానంది, వినయంగా.
ఎడమ పక్కన వరసల అంకెలున్నాయి
ఒకటి నుంచి చివరిదాకా.
వాటి ఎదురుగా మనుషులు లేరు.
తిమింగలాల వేటకెళ్ళి రానివాళ్ళు,
వెళ్ళకుండా ఇక్కడే మశూచితో పోయినవాళ్ళు,
కవలలు, మంత్రసానులు, ముగ్గురు పాదిరులు.
అరవలేదు నేను. కప్పు కడిగి బోర్లించాను.

ఆఖరి పడవ వెళ్ళాక వచ్చాడు మొమ్మె,
రేవులో టికెట్లు అమ్మే కుర్రాడు, తడి బూట్లతో.
రెండు మీటలు కలిపి నొక్కాడు.
అందరూ తిరిగొచ్చారు,
ఎక్కడికీ వెళ్ళనట్టే.

"మీరు చుక్క అన్నారు," అన్నాడు.
"దానికి 'ఎవరైనా సరే' అని వినపడింది.
నక్షత్రమంటే ఎన్నిసార్లైనా, అసలు లేకపోయినా.
ప్రశ్నంటే ఉంటే ఉంది, లేకుంటే లేదు.
బ్రాకెట్లు లోపలివాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి
తాము కనబడకుండా పోతాయి."

"మరి చుక్కని చుక్కగానే అడగాలంటే?"

దాని ముందు ఒక గీత పెట్టాడు, వెనక్కి వాలినది.
ఉత్తరపు గట్టు మీద నిలబడి ఊరివైపు చూస్తే
పడమటి గాలికి మా చెట్లన్నీ అలాగే వాలి ఉంటాయి.
"ఇది పక్కనుంటే దాని అధికారం చెల్లదు.
ఉత్తి చుక్క. సిరా బొట్టు."
"ఆ గీతే కావాలంటే?"
"రెండు గీతలు. తనకి తనే కాపలా."
నవ్వి, బూట్ల నీళ్ళు నేలంతా చేసి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి చుక్కలు పోయాయి, చుక్కలు మాత్రమే.
నక్షత్రాలు "జననం" అయ్యాయి.
ప్రశ్నలు నలభై ఒకటి.
"అన్నీ మార్చు" జోలికి పోలేదు, ఒక్కొక్కటే చూశాను.
"తెలియదు", "తెలియదు", "తెలియదు",
ఇరవై తొమ్మిదో దగ్గర ఆగాను:
ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం, నీలం ఊలు మేజోళ్ళు, ఎడ్లెఫ్?
మేజోళ్ళు అల్లినదెవరో ఆ పక్క వరసలో ఉంది.
ఆ ప్రశ్న గుమాస్తాది కాదు.
దాటేశాను.

ఉత్తరంలో బ్రాకెట్ల ఊసు లేదు.
ఎవరూ అడగలేదు.
వాలుగీత, తెరిచే బ్రాకెట్టు. అరవై మూడు.
వాలుగీత, మూసేది. అరవై మూడు.
వాళ్ళలో మా ముత్తవ్వ క్రెస్సెన్.
ఇంట్లో ఆమె మాటొస్తే మా అమ్మ
రొట్టె కోయడం మొదలుపెట్టేది.

బదులు: ఏమీ వద్దు.
క్రెస్సెన్ ఆ వరసలో నిలబడింది
పైవాళ్ళలా, కిందివాళ్ళలా, మార్జిన్‌ని ఆనుకుని.
వేళ్ళు వాటంతటవే ఆ రెండు మీటల మీదికి పోయాయి.
వెనక్కి. మళ్ళీ ముందుకి. మళ్ళీ వెనక్కి.
ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తానని సంతకం పెట్టినదాన్ని.
మళ్ళీ ముందుకి.

బురద మీదికి నీళ్ళొస్తున్న చప్పుడు.
సేవ్ చెయ్యాలా అని అడిగింది యంత్రం,
చివర ఒక కొక్కెం తగిలించి,
దాని ముందు ఏ గీతా లేకుండా.